ఒక్క భాషతో బండి నడవదప్పా!

పోయిన నెల మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక సీనియర్ అన్న రాత్రి పదకొండు గంటలకు ఒక మెసేజ్ పెట్టాడు. "జావా పని అయిపోయింది. టైమ్ వేస్ట్ చేసుకోకుండా అందరూ పైథాన్‌కి మారిపోండి" అని. అంతే, ఒంటిగంటన్నర దాకా ఎవరికీ నిద్ర లేదు. జావా బ్యాచ్ ఒకవైపు, పైథాన్ బ్యాచ్ ఇంకోవైపు. సినిమా రిలీజ్ రోజు హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. మధ్యలో మా రూమ్మేట్ "రెండూ వేస్టే, ఏఐ రాసిపెడుతుంది, పడుకోండి" అని పెట్టి, నిజంగానే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

నేను ఏ వైపూ మాట్లాడలేదు. ఎందుకంటే నాది మూడో పార్టీ. నాకు సి అంటే ఇష్టం. నవ్వకండి. టెన్త్, ఇంటర్ రెండూ బట్టీ పట్టి పాసైన బాపతు నేను. ఫస్టియర్ సి ల్యాబ్‌లో మొదటి నెలంతా తల గోడకేసి కొట్టుకున్నాక, ఒకరోజు మెస్‌లో కూర్చుని పేపర్ మీద డబ్బాలు, బాణాలు గీసుకుంటుంటే పాయింటర్ అంటే ఏంటో ఒక్కసారిగా తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండా, గైడు చూడకుండా, నా అంతట నేను అర్థం చేసుకున్న మొదటి విషయం అది. అందుకే "ఇప్పుడు సి ఎవరు అడుగుతారు, ప్లేస్‌మెంట్స్‌లో అది కూడు పెట్టదు" అని ఎవరన్నా అంటే, మా ఇంట్లోవాళ్ళని అన్నట్టు మండుతుంది.

ఆ శనివారం మా ఊరు ఆళ్ళగడ్డకి బయల్దేరాను. నంద్యాల నుంచి నలభై చిల్లర కిలోమీటర్లు. బస్సులో ఫోన్ చూస్తూ "సి ఈజ్ డెడ్", "జావా ఈజ్ డెడ్", "పైథాన్ ఈజ్ డెడ్" అనే వీడియోలు వరసగా మూడు చూశాను. శిరివెళ్ళ దాటేసరికి ప్రపంచంలో బతికున్న భాష ఒక్కటీ మిగల్లేదు.

ఇంటికి పోతే మా పెద్దమామ హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు నా బాధ చెప్పాను. ఆయన నవ్వి, "నాకూ అయిందిరా అల్లుడూ ఇదే. నా కోబాల్ కత నీకు ఎప్పుడూ చెప్పలే కదా" అన్నాడు.

మామ నంద్యాలలో బీఎస్సీ చదివి 1998లో అమీర్‌పేట పోయాడు. అప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల ఎక్కడ చూసినా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ బోర్డులేనంట. కారణం మనకందరికీ కొంచెం తెలిసిందే, వై2కే. పాత ప్రోగ్రాముల్లో జాగా ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచుకునేవారు. 99 అంటే 1999. మరి 00 వస్తే? కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటే వడ్డీలు, పెన్షన్లు, బిల్లులు అన్నీ తారుమారు. ఆ ప్రోగ్రాముల్లో చాలా భాగం కోబాల్‌లో ఉన్నాయి. 1959లో రూపం పోసుకున్న భాష, నలభై ఏళ్ళ తర్వాత మన తెలుగు పిల్లలకి ఉద్యోగాలిచ్చింది. అమెరికా కూడా హెచ్1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1999లో 1,15,000కి, 2001 నుంచి 1,95,000కి పెంచింది. మన ఊళ్ళలో "మావాడు అమెరికాలో ఉన్నాడు" అనే మాట మామూలైపోయింది ఆ రోజుల్లోనే.

మా మామకి వీసా రాలేదు గానీ హైదరాబాద్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఒక విదేశీ బ్యాంకు కోడ్‌లో తేదీలు సరిచేసే పని. 1999 డిసెంబర్ 31 రాత్రి ఆఫీసులోనే కూర్చున్నారంట అందరూ. పన్నెండు దాటింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్ళు సాధించిన విజయం. కానీ పని అయిపోయాక పనివాళ్ళతో పనేముంది? పైగా అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలిపోతున్నాయి. 2001లో మామ ఉద్యోగం పోయింది. ఆళ్ళగడ్డ వచ్చేసి ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉన్నాడు. మా అవ్వకి మాత్రం "లీవులో ఉండా" అని చెప్పాడంట. ఎనిమిది నెలల లీవు ఎవరిస్తారో అవ్వ అడగలేదు. తెలిసే అడగలేదేమో.

"కోబాల్ అంటే నాకు ప్రాణంరా. ఇంగ్లీషు వాక్యం మాదిరి రాస్తాం కదా, చదువుతా ఉంటే అర్థమైపోతాది. దాన్ని ఇడిసిపెడితే నాకు వచ్చిందంతా పాయె అనుకున్యా" అన్నాడు మామ.

తర్వాత మళ్ళీ అమీర్‌పేటే. ఈసారి బోర్డులన్నీ జావాకి మారిపోయాయి. తన కంటే చిన్నపిల్లల మధ్య చివరి బెంచీలో కూర్చుని నేర్చుకున్నాడు. మొదట్లో వేరియబుల్స్ అన్నీ తెచ్చి పైన పేర్చడం, ప్రోగ్రాం మొత్తం మెయిన్‌లోనే కుక్కడం. చెప్పే సార్ చూసి, "బాబూ, ఇది జావా కాదు, జావా చొక్కా తొడుక్కున్న కోబాల్" అన్నాడంట.

అసలు కథ ఆ తర్వాత ఉంది. జావా ఉద్యోగంలో చేరాక వాళ్ళ టీమ్ ఒక బిల్లింగ్ ప్రోగ్రాం రాసింది. లెక్కల్లో అప్పుడప్పుడు పైసా తేడా వస్తోంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. మామకి వెంటనే వెలిగింది. జావాలో డబుల్ అనే టైపులో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ఎందుకంటే లోపల అంతా బైనరీ. మనం పదుల్లో సులువుగా రాసుకునే 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం. కోబాల్ పుట్టిందే డబ్బు లెక్కల కోసం కాబట్టి అందులో దశాంశాలను దశాంశాలుగానే ఉంచుతారు. "డబ్బుల్ని ఎవరన్నా డబుల్‌లో పెడతారా?" అని అడిగింది టీమ్‌లో మామ ఒక్కడే. బిగ్‌డెసిమల్ వాడి సరిచేశారు. పోయింది అనుకున్న కోబాలే కొత్త ఉద్యోగంలో ఆయన పరువు నిలబెట్టింది.

ఇది విన్నాక మన గ్రూపులో గొడవ నాకు వేరేగా కనిపించింది. మనం అడుగుతున్న ప్రశ్నే తప్పు. "ఏది వదిలేయాలి, ఏది పట్టుకోవాలి" అని అడుగుతున్నాం. అడగాల్సింది, "ఉన్నదాని పక్కన ఏది చేర్చుకోవాలి" అని.

ఈ "ఒకటి వదిలితేనే ఇంకోటి" అనే అలవాటు మనకి ఎక్కడ అంటుకుందో నాకు ఒక అనుమానం ఉంది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఐదు రూపాయలు ఫైను. ఇంగ్లీషు రావాలంటే తెలుగు పోవాలి అనే లెక్క. నిజంగానే పోయింది కొంత. ఫస్టియర్‌లో ఈ పత్రికకి నేను పంపిన మొదటి వ్యాసంలో "పొద్దున్నే లేచి స్నానం తీసుకున్నాను" అని రాశాను. ఎడిటర్ అక్క ఎర్ర పెన్నుతో "స్నానం ఎక్కడి నుంచి తీసుకున్నావు తమ్ముడూ, కొట్లో అమ్ముతున్నారా?" అని రాసి వెనక్కి పంపింది. ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగాను. మామ కోబాల్‌కి జావా చొక్కా తొడిగినట్టే.

అదే నంద్యాల బస్టాండ్ దగ్గర మా బైకులు బాగుచేసే మెకానిక్ భాయ్‌ని చూడండి. పక్కన కుర్రాడితో ఉర్దూలో, మాతో తెలుగులో, హైవే మీద ఆగిన లారీ డ్రైవర్‌తో హిందీలో, ఒకే నిమిషంలో మాట్లాడేస్తాడు. చేతిలో స్పానర్ ఆగదు. ఆయనకి ఎవరూ "ఉర్దూ అయిపోయింది, తెలుగుకి మారిపో" అని చెప్పలేదు. ఎవరితో ఏ పని ఉంటే ఆ భాష. మన ఊళ్ళలో బడికి పోనివాళ్ళు కూడా చేసే పని ఇది. బీటెక్ చదువుతున్న మనకి మాత్రం ఒకటే భాష కావాలంట!

సరే, మాటలు చెప్పడం సులువు. నాకు జరిగింది చెప్తాను. పోయిన సెమిస్టర్‌లో ఫ్రెండ్ బలవంతం మీద పైథాన్‌లో ఒక చిన్న పాటల ప్లేయర్ రాశాను. ఐదు పాటలు, 0 నుంచి 4 దాకా నంబర్లు. "వెనక్కి" నొక్కితే ముందు పాటకి పోవాలి. మొదటి పాట దగ్గర వెనక్కి నొక్కితే చివరి పాటకి పోవాలి. దానికి ఒక్క లైను చాలు. నంబర్‌లోంచి 1 తీసేసి, 5తో భాగిస్తే వచ్చే శేషం. పైథాన్‌లో మైనస్ 1ని 5తో భాగిస్తే శేషం 4. చక్కగా చివరి పాట మోగింది.

"ఇదే నా సిలో రాసి చూపిస్తా" అని గొప్పగా కూర్చున్నాను. అదే లైను. మొదటి పాట దగ్గర వెనక్కి నొక్కాను. స్క్రీన్ మీద ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. రెండు గంటలు కంపైలర్‌ని తిట్టాను. చివరికి తెలిసిందేంటంటే, సిలో మైనస్ 1ని 5తో భాగిస్తే శేషం మైనస్ 1. నా ప్రోగ్రాం అరేలో లేని చోటికి పోయి, అక్కడ ఏముంటే అది తెచ్చి చూపించింది. సి ఒక్క మాట కూడా అనలేదు. అదే జావాలో రాసి చూశాను. శేషం అక్కడా మైనస్ 1 వచ్చింది, కానీ జావా ఊరుకోలేదు. "ఇండెక్స్ హద్దు దాటావు" అని ఎర్రక్షరాల్లో అరిచి ఆగిపోయింది.

ఒకే లైను, మూడు భాషలు, మూడు తీర్పులు. నేను చిన్నప్పటి నుంచి భాగహారాలు చేస్తున్నాను. రుణసంఖ్యని భాగిస్తే శేషం ఎటువైపు ఉండాలి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఒక్క భాషలోనే ఉండిపోయి ఉంటే ఎప్పటికీ అనుకునేవాడిని కాదు. అందులో జరిగేదే లోకరీతి అనుకునేవాడిని. రెండో భాష వచ్చాకే మొదటి భాషలో ఏది లెక్క, ఏది ఆ భాషవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అని విడిగా కనిపించింది. ఆ రోజు తర్వాత నాకు సి మీద ఇష్టం తగ్గలేదు. సి ఎక్కడ నమ్మదగింది, ఎక్కడ మనమే జాగ్రత్తపడాలి అన్నది తెలిసింది.

"అట్లయితే అన్నీ నేర్చుకుందాం" అని కొందరు పరిగెత్తుతారు. ఇది రెండో జబ్బు. మన సీనియర్ల రెజ్యూమెల్లో చూస్తుంటాం. సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, ఆర్, కోట్లిన్, గో, రస్ట్... పదకొండు పేర్లు. ఒక్కోదానిలో హలో వరల్డ్, ఒక సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో "మీకు బాగా వచ్చింది ఏది?" అని అడిగితే గుటకలు.

మా ఆళ్ళగడ్డ శిల్పులని చూసి నాకు ఈ విషయం అర్థమైంది. మా ఊరి రాతి శిల్పాలకి జీఐ గుర్తింపు కూడా ఉంది, తెలుసు కదా. ఒకప్పుడు అంతా ఉలి, సుత్తే. ఇప్పుడు షెడ్ల దగ్గరికి పోతే కటింగ్ మిషన్ల రొద, గ్రైండర్ల దుమ్ము. మా వీధిలో ఒక పెద్దాయనని అడిగితే చెప్పాడు. మిషన్ వచ్చిన కొత్తలో ఉలి పని తెలిసినవాళ్ళే దాన్ని తొందరగా పట్టుకున్నారంట. ఎందుకంటే రాయి ఎటు పగులుతుందో వాళ్ళ చేతికి ముందే తెలుసు. నేరుగా మిషన్‌తో మొదలుపెట్టిన పిల్లలే విగ్రహం ముక్కు కాడ రాయి పోగొడతారంట. రాయి తెలియకుండా పది పరికరాలు చేతికిచ్చినా అంతే.

కాబట్టి ముందు ఒక భాష లోతుగా రావాలి. లోతుగా అంటే నా కొలత ఇది. వేరేవాడు రాసిన ఐదువందల లైన్లు చదివి, ఎక్కడ తప్పు ఉందో చెప్పగలగాలి. ఆ తర్వాత రెండోది. అది మొదటిదానికి చుట్టం కాకూడదు, తేడాగా ఉండాలి. సి వచ్చినవాళ్ళు పైథాన్ పట్టండి. పైథాన్‌తో మొదలుపెట్టినవాళ్ళు, ఆ లిస్టు కింద మెమరీ ఎట్లా ఉంటుందో చూపించే సి పట్టండి. ఎస్‌క్యూఎల్‌ని కూడా భాషగానే లెక్కపెట్టండి. "ఎట్లా చేయాలో" చెప్పకుండా "ఏం కావాలో" చెప్పే అలవాటు అది నేర్పుతుంది. మా మామకి కోబాల్‌కి ఆరు నెలలు పట్టింది, జావాకి నాలుగు నెలలు, దాని తర్వాతవాటికి వారాలే. టైమ్ లేదు అనేవాళ్ళు ఈ లెక్క చూసుకోండి.

"మా భాష ఎప్పటికీ పోదు, మాకెందుకు" అనేవాళ్ళకి ఒక మాట. భాష పేరు అదే ఉన్నా, లోపల మారిపోతుంది. పైథాన్ 2కి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. 7ని 2తో భాగిస్తే పాత పైథాన్‌లో 3, కొత్తదాంట్లో 3.5. 2014లో జావా 8 వచ్చి లాంబ్డాలు తెచ్చినప్పుడు, పదేళ్ళుగా జావా రాస్తున్న మా మామ మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఫ్లాష్ పరిస్థితి ఇంకా ఘోరం. 2020 డిసెంబర్ 31తో అడోబీ సపోర్ట్ ఆపేసింది. యాక్షన్‌స్క్రిప్ట్ ఒక్కటే తెలిసినవాళ్ళు ఆ రోజు ఏం చేసుంటారో ఊహించుకోండి.

అట్లాగని "డెడ్" అనే మాటనీ అంత నమ్మకండి. 2020 ఏప్రిల్‌లో, కరోనా టైములో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర గవర్నర్ టీవీలో కోబాల్ తెలిసినవాళ్ళు సాయానికి రండి అని పిలిచాడు. నిరుద్యోగ భృతి దరఖాస్తులు వరదలా వచ్చిపడితే పాత సిస్టమ్‌లు తట్టుకోలేకపోయాయి మరి. ఆ వార్త చూసి మామ గంటసేపు నవ్వాడంట. నా సి సంగతి చెప్పాలంటే, మన పైథాన్ బ్యాచ్ రోజూ నడిపించే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ రాసింది సిలోనే. లినక్స్ కెర్నెల్ కూడా సిదే. కానీ అదే కెర్నెల్‌లోకి 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్‌తో రస్ట్‌కి చోటిచ్చారు. సిని తీసేయలేదు, పక్కన ఇంకోదాన్ని కూర్చోబెట్టారు. కెర్నెల్ రాసేవాళ్ళకే తప్పని పని మనకి తప్పుతుందా?

ఇక మా రూమ్మేట్ మాట. "ఏఐ రాసిపెడుతుంది కదా." రాస్తుంది, నిజమే. నేనూ వాడతాను. కానీ అది ఏ భాషలో అడిగితే ఆ భాషలో, మైనస్ 1 శేషం లాంటి తప్పుని కూడా అంతే ధీమాగా రాసిపెడుతుంది. రాయడం దాని పని అయినప్పుడు, చదివి ఇది సరైందా కాదా అని తేల్చడం మన పని అవుతుంది. ఒక్క భాషే చదవగలిగినవాడు మిగతావి గుడ్డిగా నమ్మాలి. కాబట్టి ఏఐ వచ్చాక ఎక్కువ భాషలు చదవగలగడం ఇంకా అవసరమైంది. తెల్లారి వాడికి ఇదే చెప్తే, "నీ ప్లేయర్‌లో తప్పు నువ్వే రాశావు కదా, ఏఐ కాదు" అన్నాడు. నిజమే. అందుకే అంత బాగా గుర్తుంది.

ఊరికే ఉపన్యాసం ఇచ్చి పోకుండా ఒక ప్రతిపాదన పెడుతున్నా. నెలకి ఒక సాయంత్రం, ఒక చిన్న సమస్య, మూడు భాషలు. సి బ్యాచ్, జావా బ్యాచ్, పైథాన్ బ్యాచ్ ఎవరికి వాళ్ళు రాసుకోవాలి. తర్వాత కోడ్‌లు మార్చుకుని, పక్కవాళ్ళది బోర్డు మీద వివరించాలి. అదీ తెలుగులో. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. ఎవరి భాష గొప్పది అని మాట్లాడినవాళ్ళకి ఐదు రూపాయలు ఫైను. ఆ డబ్బులతో టీ.

ఒక్కటి మాత్రం వేరుగా చెప్పాలి. ప్రోగ్రామింగ్ భాష పరికరం. రేపు నిజంగా సి పోయే రోజు వస్తే, బాధపడతాను గానీ దాన్ని పక్కన పెట్టగలను. పాయింటర్ అర్థమైన ఆ సాయంత్రం నాతోనే ఉంటుంది. తెలుగు అట్లాంటిది కాదు. దాన్ని పక్కన పెడితే మిద్దె మీద మామ చెప్పిన కథ నాకు సగమే అర్థమయ్యేది. అవ్వ ఎందుకు అడగలేదో అసలు అర్థమయ్యేదే కాదు. ఆ ఐదు రూపాయల ఫైన్లతో పోగొట్టుకున్నది ఇప్పుడు ఈ పత్రికలో కొంచెం కొంచెంగా సంపాదించుకుంటున్నా.

మామకి ఇప్పుడు యాభై దగ్గరపడుతున్నాయి. పైథాన్ మొదలుపెట్టాడు. మొన్న ఫోన్ చేసి, "ఏమిరా అల్లుడూ, ఖాళీ జాగా ఎక్కువైనా తప్పంటాది ఇది, ఏం భాషరా నాయనా!" అని తిట్టాడు. కోబాల్‌లో కూడా ఏ అక్షరం ఏ నిలువు వరసలో మొదలవ్వాలో రూలు ఉండేది కదా మామా అని గుర్తు చేశాను. రెండు సెకన్లు ఆగి, "అవును కదా!" అన్నాడు.

ఆ రాత్రి గ్రూపులో నేను పెట్టకుండా ఆపుకున్న మెసేజ్ ఇదే. కొంచెం పొడుగైంది.